రైలు తాకిడి: తెర మీద ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

2019 నవంబర్ 11 ఉదయం హైదరాబాద్‌లో కాచిగూడ స్టేషన్ దగ్గర ఒక ఎంఎంటీఎస్ లోకల్ బండి, కర్నూలు నుంచి సికింద్రాబాద్ వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. స్టేషన్ పరిధి కనుక రెండూ పూర్తి వేగంతో లేవు. ప్రయాణికులు గాయాలతో బయటపడ్డారు. ఎంఎంటీఎస్ నడుపుతున్న లోకో పైలట్ మాత్రం నుజ్జునుజ్జయిన క్యాబిన్‌లో ఇరుక్కుపోయారు. ఒకపక్క ఆక్సిజన్ అందిస్తూ, మరోపక్క ఇనుమును కోస్తూ ఆయన్ని బయటికి తీసేసరికి దాదాపు 8 గంటలు గడిచాయి. కొద్ది రోజులకే ఆస్పత్రిలో ఆయన ప్రాణం పోయింది.

కాచిగూడ మా చిలకలగూడకు ఎంతో దూరం లేదు. ఇటు సికింద్రాబాద్ స్టేషన్, అటు మెట్టుగూడ, లాలాగూడ. రైల్వే ఉద్యోగమో రైల్వే పెన్షనో లేని వీధి మా వైపు అరుదు. ఆ ప్రమాదం తర్వాత ఇక్కడ ఎవరిని కదిలించినా సిగ్నల్ మాట, బ్రేకుల మాట వచ్చేది. నాకు మాత్రం ఆ క్యాబిన్ మీంచి మనసు మళ్లలేదు. మనిషి కూర్చునే చోటు ఎంత మిగిలింది? అంతే ఎందుకు మిగిలింది? నా ఉద్యోగం అలాంటిది. రెండు వస్తువులు ఢీకొంటే ఏది ఎంత నలుగుతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టడం నా పని. ఆ పనిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక దశ గురించి ఇవాళ మాట్లాడతాను. లెక్క మొదలవక ముందు వస్తువు ఆకారాన్ని సిద్ధం చేసుకునే దశ అది.

ముందు ఈ లెక్క పద్ధతి గురించి రెండు మాటలు. రైలు బోగీ లాంటి పెద్ద నిర్మాణానికి ఒకే సూత్రం రాసి, దెబ్బ తగిలితే ఎలా వంగుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని దాన్ని లక్షల చిన్న ముక్కలుగా విడగొడతాం. ఆ ముక్కని ఎలిమెంట్ అంటాం. ముక్కల మూలలు కలిసే చోటు నోడ్. మొత్తం అల్లికకు మెష్ అని పేరు. ఒక్కో ముక్క చిన్నది, సాదా ఆకారం గలది కాబట్టి దాని ప్రవర్తన లెక్కకు అందుతుంది. అన్నిటినీ కలిపితే బోగీ ప్రవర్తన తెలుస్తుంది. దీన్నే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. అమెరికాలో రే క్లఫ్ 1960లో ఆ పేరు పెట్టారు. తాకిడి లెక్కలకు ఇవాళ ప్రపంచమంతా వాడే ఎల్ఎస్-డైనా సాఫ్ట్‌వేర్ మూలం 1976లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ రాసిన డైనా త్రీడీ ప్రోగ్రాం.

ఈ శాస్త్రంలో మనవాళ్ల చెయ్యి చిన్నది కాదు. 1945లో వరంగల్ ప్రాంతంలో పుట్టి, 1968లో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియాలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్లిన జె.ఎన్. రెడ్డి గారు ఈ పద్ధతి మీద రాసిన పాఠ్యపుస్తకం 1984లో వచ్చింది. దేశదేశాల విద్యార్థులు దాన్ని చదువుకున్నారు. పలకలు, పెంకు లాంటి పల్చటి నిర్మాణాలు ఎలా వంగుతాయన్న దాని మీద ఆయన చేసిన కృషి పెద్దది. 2019లో ఆయనకు టిమోషెంకో పతకం వచ్చింది. మెకానిక్స్‌లో అంతకంటే పెద్ద గౌరవాలు తక్కువ. మన కాలేజీల్లో పిల్లలు చేతపట్టుకు తిరిగే మరో పుస్తకం తిరుపతి చంద్రుపట్ల, అశోక్ బెలెగుండు కలిసి రాసింది.

పుస్తకాలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది, అమీర్‌పేటలో నేర్పే చోట్లూ ఉన్నాయి. ఏ బటన్ ఎక్కడుందో అక్కడ బాగానే చెబుతారు. చెప్పనిది ఒకటుంది. డిజైన్ విభాగం నుంచి వచ్చే బొమ్మ వస్తువును తయారు చేయడానికి గీసింది. తాకిడి లెక్కకు కావలసిన బొమ్మ వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేటప్పుడు వందల చోట్ల ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో మనం తేల్చుకోవాలి. ఆ నిర్ణయాలన్నీ పైకి కనిపించని చోట జరిగిపోతాయి. నివేదికలో రంగురంగుల బొమ్మ వస్తుంది గానీ ఈ నిర్ణయాలు రావు.

ఒక లెక్క చూద్దాం. ఈ రంగంలో కంప్యూటర్ తెరిచే ముందు కాగితం మీద వేసుకోవలసిన లెక్క ఇది. సుమారు 40 టన్నుల బోగీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. దాని గతిశక్తి 20 లక్షల జౌల్స్. అది కదలని గోడకు కొట్టుకుని, ముందు భాగం ఒక మీటరు నలిగి ఆగిందనుకోండి. ఆగడానికి పట్టే సమయం సెకనులో ఐదో వంతు. లోపలి మనిషి మీద పడే తోపు సగటున అతని బరువుకు 5 రెట్లు. అదే అర మీటరులో ఆగితే 10 రెట్లు. యూరప్‌లో రైలు బోగీల తాకిడి భద్రతకు ఈఎన్ 15227 అనే ప్రమాణం ఉంది. ఒకే రకం రైళ్లు రెండు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నప్పుడు సగటు తోపు ఆ 5 రెట్లు దాటకూడదంటుంది అది. ఆ మీటరు నలుగుడు ఎక్కడ జరగాలన్నదే అసలు ప్రశ్న. మనుషులు లేని చోట, ముందుగా అందుకని వదిలిపెట్టిన చోట జరగాలి. అక్కడ చాలినంత చోటు లేకపోతే నలిగేది డ్రైవరు క్యాబినే.

ఇప్పుడు ఆకారం దగ్గరికి వద్దాం. క్యాబిన్ కింది చట్రంలో ఒక మూల తీసుకోండి. రెండు ఉక్కు రేకుల పెట్టె దూలం, దానికి అడ్డంగా మరొకటి. మూలలో 3 మిల్లీమీటర్ల గుండ్రం తిప్పిన అంచు, దాన్ని ఫిల్లెట్ అంటాం. పక్కన పైపు పట్టుకోవడానికి చిన్న బ్రాకెట్, దానికి రెండు బోల్టు రంధ్రాలు, కేబుల్ వెళ్లడానికి పెద్ద రంధ్రం ఒకటి. ఈ బొమ్మను ఉన్నదున్నట్టు మెష్ చేస్తే ఏమవుతుంది? ఆ ఫిల్లెట్ వంపును పట్టుకోవడానికి అర మిల్లీమీటరు ముక్కలు పుడతాయి.

ఇక్కడే చిక్కు. తాకిడి లెక్క కాలాన్ని చిన్నచిన్న అడుగులుగా కోసుకుంటూ నడుస్తుంది. ఒక అడుగులో దెబ్బ అల ఒక ముక్కను దాటిపోకూడదు. దాటితే లెక్క పేలిపోతుంది. ఉక్కులో ఆ అల సెకనుకు దాదాపు 5 వేల మీటర్ల వేగంతో పోతుంది. 5 మిల్లీమీటర్ల ముక్క అయితే అడుగు సెకనులో పది లక్షలవ వంతు. మన ఐదో వంతు సెకనుకు 2 లక్షల అడుగులు. అర మిల్లీమీటరు ముక్క ఒక్కటి ఎక్కడైనా మిగిలిపోతే చాలు, మొత్తం బోగీ దాని అడుగు ప్రకారమే నడవాలి. 20 లక్షల అడుగులు. ఒక రాత్రిలో అయ్యే పనికి పది రాత్రులు పడుతుంది. దీన్ని తప్పించుకోవడానికి కొందరు చిన్న ముక్కల బరువు పెంచేస్తారు. బరువు పెరిగితే అల నెమ్మదిస్తుంది, అడుగు పెద్దదవుతుంది. కాస్త పెంచితే నష్టం లేదు. చూసుకోకుండా పెంచితే ఆ పెరిగిన బరువు కూడా ఢీకొంటుంది. లేని ఇనుముకు శక్తి వస్తుంది.

కాబట్టి ఆ ఫిల్లెట్ తీసెయ్యాలి. నలుగుడు అక్కడ మొదలవ్వదని తెలిస్తే నిశ్చింతగా తీసెయ్యవచ్చు. పైపు బ్రాకెట్ తీసేసి, దాని బరువు అక్కడున్న నోడ్లకు పంచవచ్చు. బోల్టు రంధ్రాలు పూడ్చవచ్చు. కేబుల్ రంధ్రం మాత్రం అలా కాదు. దూలం ఎత్తులో అది మూడో వంతు ఉంటే, దూలం మొదట మడత పడేది సరిగ్గా అక్కడే. అదీ పూడ్చేస్తే మన తెర మీది దూలం అసలు దూలం కంటే గట్టిదవుతుంది. కారు బానెట్ కింది దూలాల్లో చూడండి, కావాలనే చిన్న నొక్కులు పెడతారు. మడత ఎక్కడ మొదలవ్వాలో చెప్పడానికే అవి. కుర్ర ఇంజనీరు వాటిని లోపాలనుకుని చదును చేసేస్తే డిజైనరు ఆలోచనంతా పోయినట్టే.

తర్వాత మందం. బోగీ రేకులు 2, 3 మిల్లీమీటర్లవి. వాటిని ఘనంగా మెష్ చేస్తే మందంలోనే నాలుగైదు ముక్కలు కావాలి, మళ్లీ అర మిల్లీమీటరు గొడవ. అందుకని రేకు మధ్యలో ఊహించుకున్న ఒక తలాన్ని తీసుకుని, మందాన్ని అంకెగా ఇస్తాం. దీన్ని షెల్ ఎలిమెంట్ అంటారు. జె.ఎన్. రెడ్డి గారి లాంటివాళ్ల సిద్ధాంతాలు పనికొచ్చేది ఇక్కడే. అయితే షెల్ వాడినప్పుడు రేకుల మధ్య ఎడం గుర్తుంచుకోవాలి. 3 మిల్లీమీటర్ల రేకులు రెండు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, వాటి మధ్య తలాలు కచ్చితంగా 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. పొరపాటున 2 మిల్లీమీటర్ల దూరంలో పెడితే ఒక రేకు మరోదానిలోకి మిల్లీమీటరు చొచ్చుకుపోయి ఉందనుకుంటుంది సాఫ్ట్‌వేర్. వెంటనే రెంటినీ విడదీయడానికి బలం పెడుతుంది. రైలు ఇంకా గోడను తాకనే లేదు, రేకులో మాత్రం ఒత్తిడి మొదలైపోతుంది. బోగీలను కలిపే కప్లర్ లాంటి బండ ఉక్కు పోతలకు షెల్ పనికిరాదు, ఘన ముక్కలే కావాలి. అక్కడ తొందర కొద్దీ నాలుగు మూలల టెట్రా ముక్కలతో నింపేస్తుంటారు. ఆ ముక్కలు అసలు ఉక్కు కంటే బిర్రుగా ప్రవర్తిస్తాయి.

ముక్క మరీ పెద్దదైనా అంతే. పెట్టె దూలం నలిగేటప్పుడు హార్మోనియం తిత్తిలా మడతల మీద మడతలు పడుతుంది. ఆ మడతల్లోనే శక్తి ఖర్చవుతుంది. మడత వెడల్పు 60 మిల్లీమీటర్లయితే 30 మిల్లీమీటర్ల ముక్కలతో ఆ మడత పడనే పడదు. వంగడానికి మూలలే లేవు మరి. మడతకు ఎనిమిదీ పది ముక్కలుంటేనే అది అసలు మడతలా ఉంటుంది. ఇంకొకటి: తెర మీది దూలం గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. వెల్డింగ్ చేసిన ఏ దూలమూ అలా ఉండదు. కాస్త వంకర, కాస్త ఉబ్బు తప్పదు. ఆ వంకర లేకపోతే లెక్కలో దూలం మొదటి దెబ్బకు నిజంగా తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ తట్టుకుంటుంది. అందుకే మిల్లీమీటరులో కొంత భాగమైనా వంకర మనమే చేత్తో పెట్టాలి.

వీటన్నిట్లో ఒక పోలిక గమనించారా? రంధ్రం పూడ్చితే దూలం గట్టిపడింది. ముక్క పెద్దదైతే గట్టిపడింది. టెట్రాతో నింపితే, వంకర తీసేస్తే మళ్లీ గట్టిపడింది. ఆకారాన్ని సులువు చేసేటప్పుడు జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం బోగీని ఉన్నదానికంటే బలంగా చూపించేవే. ఫలితం చూసి అందరూ సంతోషిస్తారు, కాబట్టి ఎవరూ వెతకరు. నన్ను ఈ రంగంలో భయపెట్టేది ఇదొక్కటే.

ఢీకొనే తీరు కూడా ఆకారంలో భాగమే. రెండు బోగీలనూ ఒకే ఎత్తులో, ముక్కుకు ముక్కు సూటిగా పెట్టి గుద్దిస్తే రెండూ మర్యాదగా సమంగా నలుగుతాయి. పట్టాల మీద అలా జరగదు. చక్రాల అరుగుదల వేరు, స్ప్రింగుల వాలు వేరు, బ్రేకు పడితే ముక్కు కిందికి దిగుతుంది. ఒకటి కాస్త పైన తగిలితే ఎక్కేస్తుంది. ఎక్కిందంటే దాని కింది చట్రం రెండోదాని పల్చటి గోడల్ని చీల్చుకుపోతుంది. పాత ఐసీఎఫ్ బోగీలు ప్రమాదాల్లో ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన ఫొటోలు మనమందరం చూసినవే. జర్మనీ నుంచి వచ్చిన ఎల్‌హెచ్‌బీ బోగీలకు మధ్యలో ఉండే బలమైన కప్లర్ ఆ ఎక్కుడును చాలావరకు ఆపుతుంది. ఈఎన్ 15227 ఈ విషయంలో తెలివైన పని చేసింది. ఢీకొనే రెండు బండ్ల మధ్య 40 మిల్లీమీటర్ల ఎత్తు తేడా పెట్టి మరీ లెక్క చేయాలంటుంది. నాలుగు సెంటీమీటర్లు. అది పెట్టకపోతే బండి పరీక్ష నెగ్గుతుంది, పెడితే ఓడిపోవచ్చు. ఎడమ కుడి సమానమే కదా అని బోగీని నిలువునా సగం చేసి లెక్క వేసే అలవాటు కూడా ఇక్కడ కుదరదు. పక్కకు ఒరిగే అవకాశాన్ని మనమే తీసేసినట్టవుతుంది.

అమెరికా రైల్వే అధికారులు కొలరాడోలోని ప్యూబ్లోలో 1999 నుంచి నిజం బండ్లను గుద్దించి చూశారు. 2002లో పాత పద్ధతి బోగీల రైలును గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఇంజన్‌కు కొట్టించారు. ముందు బోగీ ఇంజన్ మీదికి ఎక్కి, 22 అడుగుల మేర నాశనమైంది. డ్రైవరు, ముందు వరసల ప్రయాణికులు ఉండే చోటంతా అదే. 2006లో అదే పరీక్షను, నలిగే చోట్లను ముందే నిర్ణయించి కట్టిన బోగీలతో మళ్లీ చేశారు. బోగీ ఎక్కలేదు, నలుగుడు బోగీలన్నిటి చివరలకూ పంచుకుపోయింది, మనుషుల చోటు మిగిలింది. మోడల్ పనికొస్తుందో లేదో తెలియాలంటే ఇలాంటి కొలతల పక్కన పెట్టి చూడాలి. అంత డబ్బు పెట్టి గుద్దించడం అన్నిసార్లూ కుదరదు. కనీసం ఒక దూలం ముక్కనో, ఒక కప్లర్‌నో గుద్ది, దానితో సరిపోల్చుకోవాలి.

వందే భారత్ ముక్కు సంగతి చాలామంది నన్నడిగారు. 2022 అక్టోబర్‌లో గుజరాత్‌లో గేదెలను గుద్దుకుని ముక్కు పగిలినప్పుడు, అంత బలహీనమా అని జనం ఆశ్చర్యపోయారు. ఆ ముక్కు ఫైబర్ ప్లాస్టిక్ తొడుగు. బండి బలం దాని వెనక ఉక్కులో ఉంది. తొడుగు పగలడం తప్పు కాదు. పెద్ద తాకిడి లెక్కలో దాన్ని తీసేసినా ఫలితం మారదు. అదే తొడుగు ఎన్ని గేదెలకు మార్చాలో లెక్క కట్టేటప్పుడు తొడుగే ముఖ్యం, వెనక ఉక్కును కదలని గోడ అనుకోవచ్చు. ఒకే బండికి ప్రశ్నను బట్టి రెండు ఆకారాలు.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న లాలాగూడ వర్క్‌షాపు నిజాం కాలం నాటిది. బోగీలను విప్పి, బాగుచేసి పంపే చోటు. అక్కడ పనిచేసినవాళ్లకు తెలిసిన ఒక సంగతి మా ఏసీ గదుల్లో చాలామందికి తట్టదు. పాత బోగీలకు మరుగుదొడ్డి చుట్టుపక్కల, తొట్టి నేల కింద, సోల్‌బార్ అనే కింది చట్రం పక్క దూలం దగ్గర నీరు దిగి తుప్పు తినేస్తుంది. డ్రాయింగ్‌లో రాసిన మందం అక్కడ మిగలదు. కొత్త బోగీ కోసం చేసిన లెక్కను ఇరవై ఏళ్లు తిరిగిన బోగీకి చెప్పకూడదు. షెల్ మందం అంకె ఒక్కటి మార్చి మళ్లీ నడిపితే సరిపోయే పని ఇది. అయితే ఏ అంకెకు మార్చాలో సుత్తితో తట్టి చూసి, అరిగిన రేకు కోసి అతికిన మనిషినడగాలి. ఆ అడగడం జరగాలని నా కోరిక.

ఇక కాచిగూడ క్యాబిన్ సంగతి. మెష్‌లో గాలికి ముక్కలుండవు. సీటుకూ ముందు గోడకూ మధ్య ఖాళీలో ఒక్క ఎలిమెంట్ కూడా ఉండదు. కొలవాల్సింది మాత్రం ఆ ఖాళీనే. ఈఎన్ ప్రమాణం ప్రయాణికుల చోటు ప్రతి 5 మీటర్లకు 50 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ కుదించుకుపోకూడదంటుంది, డ్రైవరు దగ్గరా బతికే చోటు మిగలాలంటుంది. క్యాబిన్ మోడల్ చేసేటప్పుడు, బలానికేమీ తోడ్పడవని మొట్టమొదట తీసేసేవి డ్రైవరు ముందున్న కంట్రోల్ బల్ల, హ్యాండిళ్లు, సీటు కింది బిగింపులు, తలుపు చట్రం. గోడ ఒక అడుగు మేర నలిగి, బల్ల కూడా అంత మేరా వెనక్కి వచ్చి, కాళ్ల మీద కూర్చుంటే మనిషి బతికే ఉన్నా బయటికి రాలేడు. తలుపు చట్రం వంకరపోతే కట్టర్ పెట్టడానికీ దారుండదు. బల్ల తీసేసిన మోడల్‌లో ఇదేదీ కనపడదు. గోడకూ సీటుకూ మధ్య ఎడం బాగానే ఉందని అంకె వస్తుంది. క్యాబిన్ లెక్క చేసే ఎవరైనా బల్లను, సీటును, తలుపును ఉంచే చేయాలి. ఎన్ని రోజులు ఎక్కువ పట్టినా సరే.

రైళ్లు ఢీకొనబోతే తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థ వస్తోంది కదా, ఇక రైళ్లు ఢీకొనవు కదా అని అడిగేవాళ్లున్నారు. 2022 మార్చి 4న మన సికింద్రాబాద్ డివిజన్‌లోనే గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్‌లో ఉండగా పరీక్షించారు. ముందున్న ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. గొప్ప పని, మన నేల మీద పెరిగిన పని. కవచ్ అన్ని మార్గాలకూ రావడానికి ఏళ్లు పడుతుంది. లెవల్ క్రాసింగ్ మీద ఆగిపోయిన లారీకి, పట్టాల మీద పడ్డ బండరాయికి కవచ్ ఉండదు. క్యాబిన్ బలంగానే ఉండాలి.

కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాళ్లను, వాళ్ల నివేదికలు చదివే అధికారులను ఒక్కటే అడుగుతున్నాను. రంగుల బొమ్మకు ముందు ఒక పేజీ పెట్టండి. ఏయే రంధ్రాలు పూడ్చారు, ఏ భాగాలు తీసేసి బరువు మాత్రం ఉంచారు, ఎత్తు తేడా ఎంత పెట్టారు, రేకు మందం డ్రాయింగ్ నుంచి తీసుకున్నారా బోగీ మీద కొలిచారా, ఒక్కో నిర్ణయానికి కారణమేమిటి, ఆ పేజీలో రాయండి. దాని కిందే శక్తి లెక్క కూడా వేయండి: మొదట్లో ఉన్న 20 లక్షల జౌల్స్ ఎక్కడెక్కడ ఖర్చయ్యాయి, లెక్క కోసం పెంచిన లేని బరువులోకి ఎంత పోయింది. చదివే అధికారి ఆ పేజీ అడిగి మరీ తీసుకోవాలి. అందులో డ్రైవరు బల్ల తీసేశామని రాసి ఉంటే నివేదికను వెనక్కి పంపాలి.